టీజీ విత్తనాలు

గంగాధరన్న ఇక లేరని మొన్న పొద్దున సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు దిగ్భ్రాంతి చెందాను. నిద్రలోనే గుండె ఆగిందట. ఆయన సొంతూరు కోరుట్లలో అంత్యక్రియలు చూసి వచ్చాక కూడా మనసు ఒప్పుకోవడం లేదు.

జగిత్యాలలోని మా విత్తనాల కంపెనీ ఆఫీసులో ఆయన కంప్యూటర్లు చూసేవారు. నాది పక్క సీటు. హైదరాబాదు సర్వర్‌లోని ఫైళ్లు మా తెరల మీద 'ఏపీ విత్తనాలు' అనే డ్రైవ్‌గా కనిపించేవి. ప్రత్యేక రాష్ట్రం కోసం జనం బండ్ల నంబర్ ప్లేట్ల మీద ఏపీ గీకేసి టీజీ రాసుకుంటున్న రోజులివి. ఒక మధ్యాహ్నం అన్న కమాండ్ల నల్ల తెర తెరిచి 'లేబుల్' అని కొట్టారు. నెట్‌వర్క్ డ్రైవ్‌కు పేరు పెట్టడం కుదరదని జవాబొచ్చింది.

"మనం సూసే పేరు మనం పెట్టుకుంటమంటే గూడ అద్దంటున్నది సూడు సుజాతా!" అని నవ్వారు.

పట్టిన పట్టు విడవని అకుంఠిత దీక్ష ఆయనది. కంప్యూటర్ తన అమరికలన్నీ దాచుకునే రిజిస్ట్రీలో ఆ డ్రైవ్ ఆనవాలు పట్టుకుని, వేరే కమాండ్‌తో అక్కడ 'టీజీ విత్తనాలు' అని రాశారు. ఆ పేరు ఆ ఒక్క కంప్యూటర్‌లోనే మారుతుంది. అందుకని ప్రతి సీటుకూ వెళ్లి కొట్టి వచ్చారు.

తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి అది చూసి మండిపడ్డారు. "సర్వర్ పేరు మార్చడానికి నువ్వెవరయ్యా?"

"సర్వర్‌ను ముట్టలే సార్. మీ లాప్‌టాప్‌ల సూడుండ్రి, మీ పేరే ఉన్నది. మా కాడ మా పేరున్నది. లోపట ఫైళ్లు గవ్వే."

"తీసెయ్. లేకుంటే సిరిసిల్లకు బదిలీ."

అన్న బిడ్డ పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. బదిలీ అంటే ఏమిటో మా అందరికీ తెలుసు. అన్న నిదానంగా, "నేనైతే తియ్య సార్" అన్నారు.

సిరిసిల్ల నుంచి మొదటిరోజే ఫోన్ చేశారు. "ఈడ మళ్ల ఏపీ అనే అచ్చింది. పేరు మన ఎంబడి రాదు సుజాతా. ఏ మిషన్ కాడ కూసుంటే గా మిషన్ల మళ్ల పెట్టాలె." అక్కడా టీజీ అని పేరు పెట్టారు. బిడ్డ పరీక్షలయ్యేదాకా రోజూ జగిత్యాల నుంచి బస్సులో పోయి వచ్చారు.

ఈ ఉదయం నా సీటుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. తెరిస్తే 'ఏపీ విత్తనాలు'. దుఃఖం ఆగలేదు. రాష్ట్రం చూడకుండానే వెళ్లిపోయారు. ఆ సౌజన్యం, ఆ మొండితనం కలిసిన మనిషి మాకు మళ్లీ దొరకడు. కళ్లు తుడుచుకుని, ఆయన నేర్పిన కమాండ్ ఒక్కో అక్షరం కొట్టాను. 'టీజీ విత్తనాలు' వచ్చింది.

అన్నా, మీకు నా నమస్సు ఇదే. బదిలీ చేస్తే చెయ్యనీ. సిరిసిల్లలో మీ సీటు ఖాళీగానే ఉంది.