పిండితో మూసిన గిన్నె

మా అత్తగారింట్లో బ్రెడ్డు అంటే జబ్బు మనిషి తిండి. దవాఖానలో ఉన్నవాళ్లను చూడబోయేటప్పుడు చేత పట్టుకుపోయే వస్తువు. ఒంట్లో బాగున్నవాళ్లు దాన్ని ఎందుకు తింటారో అత్తమ్మకు అర్థమయ్యేది కాదు. పైగా అందులో కోడిగుడ్డు కలుపుతారని ఆమెకు గట్టి అనుమానం. కలపనని బేకరీ అతను ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. "అమ్ముకునేటోడు కలుపుతానని చెప్తడా?" అనేది. ఆమె కూడా అమ్ముకునే ఇంటి మనిషే కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం.

నేను కాజీపేటలో రైల్వే క్వార్టర్లలో పెరిగాను. మా నాన్న అక్కడ గుమాస్తా. డెబ్బైల చివర్లో పెళ్లయి వరంగల్ వచ్చాను. అత్తగారిది కాశిబుగ్గ పోయే దారిలో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. ఇంట్లో మామయ్య, అత్తమ్మ, మా ఆయన, నేను. అంతే. అత్తమ్మ మొదటి నుంచీ నన్ను ఓ కంట కనిపెట్టే ఉండేది. నా వంట నచ్చక కాదు, నేను పెరిగిన చోటు నచ్చక. క్వార్టర్లలో ఎవరు ఏం వండుతారో, ఎవరి పిల్లలు ఎవరింట్లో తింటారో ఎవరికి తెలుసని ఆమె బాధ.

ఆ బాధ పూర్తిగా అబద్ధమూ కాదు. మా పక్క క్వార్టర్లో రైలు గార్డు ఒకాయన కుటుంబం ఉండేది. క్రైస్తవులు. ఆయన భార్యను మేమంతా ఆంటీ అనేవాళ్లం. ఆదివారం పొద్దున ఆమె బ్రెడ్డు ముక్కలు, పాలు, చక్కెర గిన్నెలో పేర్చి, సన్నటి సెగ మీద గంటల తరబడి మగ్గబెట్టేది. మాకోసం గుడ్డు వేయకుండా విడిగా చేసి పంపేది. చిన్నప్పుడు ఆదివారమంటే మాకు ఆ నాష్తానే. అత్తగారింట్లో ఈ సంగతి నేను ఎత్తలేదు.

పెళ్లయిన మరుసటి ఏడు వానాకాలంలో మామయ్యకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోటికి రుచి తిరిగి రాలేదు. అన్నం చూస్తే మొహం తిప్పుకునేవాడు. అత్తమ్మ జావ కాచింది, చారు పెట్టింది, చింతకాయ తొక్కు నాలుకకు రాసింది. ఏదీ లోపలికి పోలేదు. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. డాక్టరు మెత్తటి తిండి పెట్టమని, బ్రెడ్డయితే మంచిదని చెప్పాడు. మొగుడి ప్రాణం కోసం అత్తమ్మ బ్రెడ్డును గడప దాటనిచ్చింది. మామయ్య ఒక ముక్క కొరికి పక్కన పెట్టాడు.

"దూది తిన్నట్టున్నది," అన్నాడు.

ఆ సాయంత్రం నేను ధైర్యం చేశాను. మా ఇంట్లో పొట్టు పొయ్యి ఉండేది. కట్టె కోసే మిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి, రేకు డబ్బాలో నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా కూరి, రోకలి పైకి లాగితే మధ్యలో రంధ్రం మిగిలేది. కింద ఒక కట్టె అంటిస్తే చాలు, సాయంత్రం వంటంతా దాని మీద అయిపోయేది. ఆ తర్వాత కూడా పొట్టు లోపల్లోపల కాలుతూ తెల్లారేదాకా వేడిగా ఉండేది. ఆ వేడి ఊరికే పోయేది. వంటయ్యాక ఆ సన్నటి సెగ మీదే రాత్రంతా గిన్నె ఉంచాలని నా ఆలోచన.

కళాయి పోసిన ఇత్తడి గిన్నెకు నెయ్యి రాసి, బ్రెడ్డు ముక్కలు ఒక వరుస పేర్చాను. బెల్లం తురుము, ఎండుకొబ్బరి కుడుక కోరు, ఇలాచి పొడి చల్లాను. మళ్లీ బ్రెడ్డు, మళ్లీ బెల్లం. పైన చిక్కగా మరిగించి చల్లార్చిన పాలు పోశాను. మూత పెట్టి, ఆవిరి బయటికి పోకుండా అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అతికించాను. అత్తమ్మ గడపలో నిలబడి అంతా చూసింది.

"పిండి ఎందుకు పెడ్తానవ్?"

"ఆవిరి పోకుండా అత్తమ్మా."

"పోతే ఏమైతది?"

"ఎండిపోతది. పొద్దటిదాకా మూత తీయొద్దు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. మా అత్తమ్మకు ఏదైనా తీయొద్దని చెప్పడమంటే అందులో ఏదో ఉందని చెప్పడమే.

పొద్దున పిండి ఊడగొట్టి మూత తీస్తే ఇల్లంతా వాసన. బెల్లం పాకమై అడుగున ఎర్రగా పట్టింది. పైన మీగడలా మెత్తగా ఉంది. మామయ్య ఒక చెంచా తిన్నాడు. కళ్లు మూసుకుని ఇంకో చెంచా తిన్నాడు. గిన్నె ఖాళీ చేసి, "రేపు గూడ చెయ్యి బిడ్డా," అన్నాడు. జ్వరం వచ్చాక ఆయన తిండి అడగడం అదే మొదలు.

నేను సంతోషపడ్డాను. అత్తమ్మ కూడా సంతోషపడుతుందనుకున్నాను. ఆమె ఖాళీ గిన్నెను వెలుతురులోకి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూసింది.

ఆ తర్వాత రోజూ అదే నాష్తా. మామయ్య లేచి కూర్చున్నాడు, నడిచాడు, దుకాణంలో గల్లా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. కానీ పొద్దున లేవగానే పిలుపు నాకే. "బిడ్డా, అయిందా?" అనేవాడు. అంతకు ముందు ఆ ఇంట్లో ఏది కావాలన్నా అత్తమ్మనే పిలిచేవాడు. ఆమె వండిన కూర మాత్రం ఇప్పటికీ సగం మిగిల్చేవాడు. నేను వంటింట్లోకి పోతే అత్తమ్మ వెనకే వచ్చేది. ఇలాచి పొడి డబ్బా మూత తీసి వాసన చూసేది. నా ట్రంకు పెట్టెలో ఏముందని ఓసారి నవ్వుతూ అడిగింది. మరో రోజు చూస్తే పెట్టెలో చీరలు నేను పెట్టిన వరుసలో లేవు.

ఎదురింటావిడ వచ్చి కూర్చున్నప్పుడు అసలు మాట బయటపడింది. నేను లోపల బియ్యం చెరుగుతున్నాను. ఆమె గొంతు తగ్గించింది గానీ సరిపడా తగ్గించలేదు.

"అక్కా, నేనన్నానని అనుకోకు. ముప్పై ఏండ్ల సంది నీ చేతి అన్నం తిన్న మనిషి ఒక్కపారే ఆ పిల్ల చేతికి ఎట్ల మరిగిండు? అది తిండి గుణమేనా?"

"మరింకేంది?"

"మందు గిట్ల పెట్టిందేమో. మూత మూసి, పిండి పూసి, తీయొద్దంటదంటివి గదా. పొద్దుగూకంగ పెట్టి తెల్లారంగ తీసే తిండి ఎవలన్న చేస్తరా?"

అత్తమ్మ కాదనకపోవడమే నన్ను భయపెట్టింది. పెట్టుడు మందు అంటే మా వైపు చిన్న మాట కాదు. తిండిలో ఏదో కలిపి మనిషిని లోబరుచుకోవడం. ఆ పేరు ఒకసారి పడితే కోడలిని పుట్టింటికి పంపడానికి ఇంకో కారణం అక్కరలేదు.

ఆ వారంలోనే నాకూ ఒక అనుమానం మొదలైంది. ఒక పొద్దున గిన్నె దగ్గరికి పోతే మూత చుట్టూ పిండి తెల్లగా ఉంది. నేను పెట్టింది గోధుమపిండి. అది బియ్యప్పిండి. ఎవరో మూత తీసి మళ్లీ అతికించారు. మరుసటి సాయంత్రం నేను పిండి మీద బొటనవేలు గట్టిగా ఒత్తి గుర్తు పెట్టాను. తెల్లారి చూస్తే ఆ గుర్తు లేదు. లోపల బ్రెడ్డు ఒక మూల కాస్త కుంగి ఉంది.

ఏం కలుపుతోంది ఈమె? నా మీదికి నేరం రావాలని ఏదైనా వేస్తోందా? నేను ముందే రుచి చూశాను. తేడా తెలియలేదు. తెలియకపోవడంతో భయం ఇంకా పెరిగింది. మా ఆయనకు చెప్పాను.

"మా అమ్మ అట్ల చెయ్యది," అన్నాడాయన.

"మరి నేను చేస్తానా?"

"నువ్వూ చెయ్యవు."

"అయితే ఎవరు చేసిండ్రు?"

ఆయన చొక్కా తొడుక్కుని దుకాణంలోకి పోయాడు. గట్టి ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయనకు దుకాణంలో పని ఉండేది.

అంతలో మామయ్యకు కడుపు చెడింది. వాంతులు, విరేచనాలు. ఒక పూటలో మనిషి వాడిపోయాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ నా వైపు చూసింది. ఇద్దరికీ ఎదుటివాళ్ల మీదే అనుమానం. ఇద్దరం నోరు విప్పలేదు. ఎదురింటావిడ మాత్రం విప్పింది. నర్సంపేట దాటాక ఒక పల్లెలో మందు కక్కించే మనిషి ఉన్నాడని, ఆలస్యం చేయొద్దని చెప్పింది.

మామయ్య కాస్త తేరుకోగానే అత్తమ్మ బయలుదేరదీసింది. "నువ్వు గూడ రా. ఎదురుంగ ఉండాలె," అని నాతో అంది. బస్సులో నర్సంపేట దాకా, అక్కడి నుంచి ఎడ్లబండి. దారంతా వాన తుంపర. నేను మామయ్యకు గొడుగు పట్టుకుని కూర్చున్నాను. తీర్పు వినడానికి పోతున్నట్టు ఉంది నాకు.

ఆ మనిషి వాకిట్లో చాప వేసుకుని కూర్చున్నాడు. మామయ్య నాలుక చూశాడు, కడుపు నొక్కాడు. "వంట ఎవలు చేస్తరు?" అని అడిగి, జవాబు రాకముందే నా వైపు చూశాడు. ఏదో పసరు తాగించాడు. మామయ్య ముందు పెట్టిన పళ్లెంలో వాంతి చేసుకున్నాడు. ఆ మనిషి పళ్లెంలో చేయి పెట్టి కలియబెట్టి, నల్లటి ఉండ ఒకటి వేళ్ల మధ్య పైకెత్తాడు. వెంట్రుకలూ గుడ్డ పీలికా చుట్టిన ఉండ.

"ఇగో. ఇదే మందు. శానా దినాలైంది పెట్టి."

ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? అత్తమ్మ మాత్రం నన్ను చూడలేదు. ఆ ఉండను చూస్తోంది. బస్తాలో చింతపండు మధ్య రాయి పెట్టి అమ్మజూసేవాళ్లను చూసే చూపు అది.

"జర ఇటియ్యి," అంది.

"ముట్టుకోవద్దు."

ఆమె అప్పటికే లాక్కుంది. వేళ్లతో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది లోపల పొడిగున్నదేంది?"

"మందు తడవదు."

"కడుపుల నుంచొస్తే రాయైనా తడుస్తది. ఇది నీ చేతుల నుంచొచ్చింది."

అతనికి కోపమొచ్చింది. "నమ్మకం లేనోళ్లు ఎందుకొచ్చిండ్రు ఈడికి?"

"నమ్మకం లేకనే గదా వచ్చింది," అంది అత్తమ్మ. మామయ్య రెక్క పట్టుకుని లేపింది. "లెవ్వు. పోదాం."

తిరుగు బస్సులో మామయ్య కిటికీకి తల ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

"నేను మిరపకాయ బజ్జీలు తిన్న."

అత్తమ్మ తల తిప్పింది. "ఎప్పుడు?"

"కడుపు చెడిన దినం. కొత్తవాడ నుంచి జంపఖానలు నేసే దోస్తు వచ్చిండు గదా. ఆయన తెచ్చిండు. దుకాణంల కూసోని ఇద్దరం తిన్నం."

"మరి అప్పుడే చెప్తే ఏమాయె?"

"చెప్తే నువ్వు ఊకుంటవా?"

పసరు తాగి, కడుపు తిప్పుకుని, అంత దూరం పోయి వచ్చాడు గానీ బజ్జీల మాట బయట పెట్టలేదు మహానుభావుడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మరునాడు వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "అత్తమ్మా, గిన్నె మూత మీరు తీసేదా?"

దాస్తుందనుకున్నాను. దాచలేదు.

"తీసిన. మీ మామకంటే ముందుగాల ఒక చెంచెడు తినేదాన్ని."

"ఎందుకు?"

"అండ్ల ఏమన్న ఉంటే ముందు నాకే కావాలె గదా," అంది, కూరగాయలు తరుగుతూనే.

నన్ను విషం పెట్టేదాన్నని అనుకుంది. అలా అనుకుంటూనే రోజూ పొద్దున అందరికంటే ముందు లేచి తాను తింది. కోపం తెచ్చుకోవాలో ఆమె చేతులు పట్టుకోవాలో తెలియలేదు. చివరికి నోటికి వచ్చిందే అడిగాను.

"ఎట్లుండె?"

"ఇలాచి ఎక్కువేస్తానవ్."

ఆ రోజే అన్నీ చెప్పేశాను. గార్డుగారి ఇల్లు, ఆంటీ, ఆదివారాలు. గుడ్డు వేయకుండా విడిగా చేసేదని చెప్పాను. "నువ్వు కండ్లార చూసినవా?" అని అడిగింది. చూశానన్నాను. ఇంకో రెండు మూడుసార్లు తిప్పి తిప్పి అడిగింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ సాయంత్రం పొయ్యి మీద గిన్నె తనే పెట్టింది.

మామయ్య కోలుకున్నాడు. చాలా ఏళ్లు బతికాడు. నాష్తా కబురు వీధిలో పాకింది. ఒక రోజు ఎదురింటావిడ వచ్చింది. కూతురికి జ్వరం వచ్చి తగ్గిందట, ఏమీ తినడం లేదట.

"అక్కా, ఆ బ్రెడ్డుది ఎట్ల చేస్తరో జర చెప్పు."

అత్తమ్మ పీట వేసి కూర్చోబెట్టింది. బ్రెడ్డు, బెల్లం, పాలు, కుడుక, ఇలాచి, మూత చుట్టూ పిండి. ఒక్కటీ వదలకుండా ఓపిగ్గా చెప్పింది.

"పొయ్యి?"

"పొయ్యి మంచిగ మండాలె. కొత్త పొట్టు కూరి, అప్పుడే అంటిచ్చి పెట్టు."

నేను తలెత్తాను. అత్తమ్మ నా వైపు చూడలేదు. ఆవిడ వెళ్లాక, "అట్ల చెప్పిండ్రేంది అత్తమ్మా, మాడిపోతది గదా," అన్నాను.

"మాడనియ్యి. మనం రేపు ఆ పిల్లకు ఒక గిన్నె పంపిద్దాం."

పంపించాం కూడా. ఆ పిల్ల తిన్నది. ఎదురింటావిడ ఖాళీ గిన్నె తెచ్చి ఇచ్చి, తనది అడుగంటి బొగ్గయిందని, గిన్నె తోమలేక చచ్చానని చెప్పింది. మా ఇద్దరి మొహాలు మార్చి మార్చి చూసింది.

"ఏదో చెప్పకుంట దాస్తాండ్రు మీరు," అంది.

"దాసేటందుకు ఏమున్నది," అంది అత్తమ్మ. "చెయ్యి కుదరాలె."

నేను గిన్నె తీసుకుని లోపలికి పోయాను.