లేతుకు కట్టిన పట్టుగుడ్డ

మా షాపులో మొదటి దెబ్బ తిన్నది ఇనుము కాదు, నేను.

షాపు తెరిచిన మూడో రోజు అది. ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మీద పని ముక్కను బిగించి పట్టుకొని తిరిగే ఉక్కు దిమ్మను చక్కు అంటారు. దాన్ని బిగించే తాళంచెవి జానెడు పొడుగుంటుంది. నేను దాన్ని చక్కులోనే మరిచిపోయి, మిషన్ తిప్పండి అన్నాను. అది సగం చుట్టు తిరిగి, తుపాకి గుండులాగా వచ్చి నా నొసటి మీద కూర్చుంది. ఇప్పటికీ నా ఆనవాలు ఎవరైనా రాసుకోవాలంటే ఆ మచ్చే దిక్కు. పుట్టుమచ్చలు దేవుడిచ్చినవి, ఇది స్వార్జితం.

చదువు ఒంటబట్టక, మా నాయన చేత రెండెకరాల శెనక్కాయ చేను అమ్మించి, హిందూపురం స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో నేను మిషన్ షాపు పెట్టాను. యుద్ధం మొదలైన కొత్త. కొత్త సామాను ఎక్కడా దొరకదు. విరిగినదాన్ని అతికించి, అరిగినదాన్ని మళ్ళీ అరగదీసి వాడుకోవలసిందే. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన ఆరడుగుల లేతు, ఒక బెజ్జాల మిషను, ఒక సాన, వీటన్నిటినీ తిప్పే ఆయిల్ ఇంజను, ఇదీ నా సామ్రాజ్యం. ఆ ఇంజను, షెడ్డు లోపల కప్పు కింద ఉన్న ఒక పొడుగాటి ఇరుసును తిప్పుతుంది. ఆ ఇరుసు నుంచి ఒక్కో మిషనుకు ఒక్కో తోలు బెల్టు దిగుతుంది. లేతు నాకంటే వయసులో పెద్దది, అనుభవంలో ఇంకా ముదురు. ఆ షాపులో లేత సరుకు ఏదైనా ఉందంటే అది యజమానే.

నాకు పని రాదు. పని వచ్చినవాడు మేస్త్రీ. పెనుకొండ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. రైలు ఇంజన్లు బాగుచేసే చోట పని నేర్చి, పై అధికారి మూతి మీద ఒకటి ఇచ్చి బయటికి వచ్చాడు. మా ఊళ్ళో ఆ సంగతే అతనికి సర్టిఫికెట్టు. భూమి లేదు, ఇల్లు లేదు. ఆస్తి అంటే ఆ కుడిచెయ్యి ఒక్కటే. ఇరుసు మీద చూపుడువేలు, నడిమివేలు ఆనించి, వెంట్రుకవాసి ఎక్కువుందో తక్కువుందో చెప్పేవాడు. కొలతలు తీసే పరికరం తర్వాత ఆ మాటే చెప్పేది, కొంచెం ఆలస్యంగా.

ఆ చేతి పని ఎంత సన్నమో, చేతి దురుసు అంత మోటు. సుత్తి అందించడం ఆలస్యమైతే సుత్తి వచ్చేది, నేరుగా. ఒకరోజు అతను భోజనానికి వెళ్ళినప్పుడు, నడుస్తున్న బెల్టును కర్రతో చక్రం మీదికి తోయాలని నాకు బుద్ధి పుట్టింది. బెల్టు ఎక్కించడం, దించడం ఒక విద్య. కొంచెం తప్పితే అది చేతిని పైకి లాక్కుపోతుంది. కర్ర ఎత్తానో లేదో, మేస్త్రీ ఎప్పుడు తిరిగొచ్చాడో, వెనక నుంచి చెంప పగిలింది.

“ఏమబ్బా, చెయ్యి బరువైందా నీకు? ఇరుసుకు చుట్టుకుంటే నిన్ను గోనెసంచిలో ఏసుకొని పోవాల ఇంటికి!”

“నా షాపే గదన్నా” అన్నాను, చెంప పట్టుకొని.

“షాపు నీది. బెల్టు నాది. ఇంగొకసారి ముట్టుకుంటే ఇంగో చెంప కూడా నాదే.”

ఆ పూట నుంచి నేను బెల్టు వైపు కూడా నడిచేవాణ్ణి కాదు. గోడకు ఆనించిన ఆ కర్రను చూస్తేనే చెంప చురుక్కుమనేది.

షాపుకు వచ్చేవాళ్ళు కూడా సాధువులు కారు. బెల్లం రోజుల్లో చెరుకు గానుగ పగిలిందంటే, కొట్టిన చెరుకు చేలో పులిసిపోతుంటుంది. మనిషికి ఒళ్ళు తెలియదు. ఒకసారి చిలమత్తూరు నుంచి ఇద్దరు దాయాదులు గానుగలో చెరుకును నలిపే ఇనుప రోళ్ళు రెండు బండ్ల మీద వేసుకొచ్చి, ఎవరిది ముందు అని మొదలుపెట్టారు. మాట మీద మాట పెరిగి, ఒకడు ఇనుప మేకుతో రెండోవాడి మూతి మీద కొట్టాడు. ఇనుప రజనులో రెండు పళ్ళు రాలాయి. పళ్ళు పోయినవాడు పార తీసుకున్నాడు. మేస్త్రీ లేతు ఆపకుండానే ఇద్దరి జుట్లు పట్టి, కాలిన ఇనుము చల్లార్చే నీళ్ళ పీపాలో ముంచాడు. ఊపిరాడక కొట్టుకునేదాకా ముంచి, పళ్ళు పోయినవాడి రోలును ముందు బిగించాడు. తీర్పు అంత తొందరగా ఏ కోర్టులోనూ రాదు.

ఇక పొట్టేలు సంగతి. ఏటా ఆయుధపూజ నాడు ఇంజను ముందర పొట్టేలు తెగాలి, చక్రానికి రక్తపు బొట్టు పెట్టాలి. మేస్త్రీ పెట్టిన నియమం అది. ఆ రోజు మిషన్లన్నిటినీ కడిగి, పూలు కట్టాక, ఎవరూ ముట్టుకోరు. మరునాడు పొద్దున అలంకారంతోనే ఒకసారి తిప్పుతారు. లేతును బాగా నిదానంగా తిప్పి, తిరుగుతున్న చక్కు మీది బంతిపూల దండను మేస్త్రీ గుప్పిట పట్టి లాగేవాడు. నూలుదారం పుటుక్కుమనేది. తెగిన దండను జనం మీదికి విసిరేవాడు. ఆ పూలు మీద పడితే ఏడాదంతా దెబ్బ తగలదని అందరి నమ్మకం. మా ఇరుగుపొరుగు కొట్లవాళ్ళు కూడా వచ్చి ఆ పూల కింద తలలు పట్టేవాళ్ళు.

మూడో ఏడు నేను ఖద్దరు కట్టడం మొదలుపెట్టాను. ఒంటి మీదికి ఖద్దరు వచ్చాక నోట్లోకి అహింస రావడం ఎంతసేపు? పొట్టేలు వద్దు, బూడిదగుమ్మడికాయ కొడదామన్నాను.

“గుమ్మడికాయలో నెత్తురు యాడుండాదబ్బా?” అన్నాడు మేస్త్రీ.

“కుంకుమ పోస్తాం గదన్నా, ఎర్రగా.”

“అట్లయితే నువ్వు కుంకుమ తిని బతుకు. ఇది ఇనుము. మనం పెడితే తిని ఊరుకుంటాది. పెట్టకపోతే దానికి కావాల్సింది అదే తీసుకుంటాది.”

“ఇనుముకు ఆకలి ఏముంటుందన్నా? మూఢనమ్మకం.”

సుత్తి నా చెవి పక్కగా పోయి రేకును చీల్చుకొని బయట పడింది. దాని వెనకే మేస్త్రీ కూడా బయటికి పోయాడు. పూజకు రాలేదు.

పూజ నాడు ధర్మవరం నుంచి ఒక నేతపెద్ద వచ్చాడు. పట్టుదారానికి పురిపెట్టే మిషనుకు ఇరుసు విరిగితే, అంతకు ముందు నెలలో మేస్త్రీ కొత్తది చేసిచ్చాడు. ఆ సంతోషంతో మూరన్నర ఎర్రపట్టు తెచ్చాడు, సన్నని జరీ అంచుతో.

“మేము మగ్గానికి కడతాము సామీ. మీ మిషనుకు కట్టండి. పట్టు కడితే లక్ష్మి పట్టు విడవదు” అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. మాటలు నచ్చితే నేను మెడకు ఉరి కూడా కట్టుకుంటాను. చక్కు చుట్టూ పట్టుగుడ్డ చుట్టి, నాలుగు ముడులు వేసి, దాని మీద బంతిపూల దండ నిండుగా కట్టాను. పట్టు అంగుళం కూడా బయటికి కనిపించలేదు.

మరునాడు పొద్దున మేస్త్రీ వచ్చాడు. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇంజను అందుకుంది. బెల్టు ఎక్కించి, లేతును నిదానం గేరులో పెట్టాడు. జనం తలలు పట్టారు. ‘అన్నా, దండ కింద పట్టు ఉండాది’ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, ముందు తననే పలకనీ అని అక్కడే కూర్చుంది. సుత్తి విసిరినవాడు తను, నేనెందుకు ముందు పలకాలి? జీవితంలో నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. అందులో ఒకటి అది.

మేస్త్రీ ఏటా లాగినట్టే గుప్పిట నిండా పట్టి లాగాడు. దండ తెగింది. ముడి కింద దూరిన రెండు వేళ్ళు బయటికి రాలేదు. నూలైతే తెగేది. పట్టు తెగదు, తెగకపోవడమే దాని గొప్ప, అందుకే ధర్మవరంలో తరతరాలుగా దాన్ని నేస్తున్నారు. పైగా లేతు నిదానంగా తిరిగేటప్పుడే దాని బలం ఎక్కువ. చెయ్యిని లాక్కుంది. మణికట్టు మెలిపడింది. ఎముక విరిగిన చప్పుడు ఇంజను చప్పుడును మించి వినపడింది. మేస్త్రీ ఎడమచేత్తో మిషను అంచు పట్టుకొని, కాలు తన్నిపెట్టి, ఎద్దు రంకె వేసినట్టు అరిచాడు.

“బెల్టు! బెల్టు తియ్యండ్రా!”

అందరికంటే దగ్గరున్నది నేను. గోడకు ఆనించిన కర్ర రెండడుగుల దూరంలో ఉంది. నా చెయ్యి సగం దూరం పోయి ఆగింది. చెంప చురుక్కుమంది. ఎందుకు ఆగిందని ఇన్నేళ్ళుగా ఆ చేతిని అడుగుతూనే ఉన్నాను. చక్కు నాలుగు చుట్లు తిరిగింది. అప్పుడు కర్ర అందుకొని బెల్టును తోశాను. అది చక్రం దిగుతూ నా మెడ మీద కొరడాలాగా కొట్టింది. లేతు ఆగింది. ఎర్రపట్టు మరీ ఎర్రగా, తడిగా, నాలుగు ముడులూ ఊడకుండా అట్లాగే ఉంది. ఆ ఏడు పొట్టేలు బదులు గుమ్మడికాయ కొట్టాం కాబట్టి షాపులో కత్తి కూడా లేదు. గుడ్డను ఇనుము అరగదీసే ఆకురాయితో రుద్ది రుద్ది తెంపవలసి వచ్చింది. అంతసేపూ మేస్త్రీ స్పృహతోనే ఉన్నాడు.

ఆసుపత్రిలో చూపుడువేలు, నడిమివేలు తీసేశారు. కళ్ళు తెరిచాక ఒక్కమాట అడిగాడు.

“కట్టింది ఎవురు?”

“నేనే అన్నా.”

గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు పెనుకొండ నుంచి మేస్త్రీ బావమరిది ఇద్దరు మనుషులతో, ఒక సమ్మెటతో దిగాడు.

“పొట్టేలును మిగిలించుకొని మనిషిని ఇచ్చినావు గదప్పా! ఆ రాకాసిదాన్ని ముక్కలు చేసి పోతా. తొలుగు!”

నేను లేతుకు అడ్డంగా నిలబడ్డాను. ధైర్యం కాదు, ఆ లేతు పోతే నాకు చెప్పుకోవడానికి నొసటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. సమ్మెట పిడి నా భుజం ఎముక మీద పడింది. కింద పడ్డాను. ఇద్దరూ పక్కటెముకల్లో తన్నారు. అహింస మీద నాకున్న నమ్మకం సరిగ్గా అక్కడ అయిపోయింది. అందినది బావమరిది పిక్క. కరిచాను. నోట్లో ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. వాడు కేక పెట్టి సమ్మెట మళ్ళీ ఎత్తాడు.

అది దిగలేదు. వాకిట్లో జట్కా ఆగింది. చేతికి తలకాయంత కట్టుతో మేస్త్రీ వచ్చి, ఎడమచేత్తో బావమరిది జుట్టు పట్టి గోడకు కొట్టాడు.

“దాన్ని పగలగొడితే నేనేం తిని బతకాల్రా? మీ అక్కకు ఏం పెట్టాల?”

“ఈ చేత్తో ఇంగేం పని చేస్తావు బావా?” అన్నాడు వాడు, ముక్కు తుడుచుకుంటూ.

మేస్త్రీ వాళ్ళను బయటికి నెట్టి, నా దగ్గరికి వచ్చి, లేపి నిలబెట్టి, ఎడమచేత్తో చెంప మీద కొట్టాడు. కొత్త చెయ్యి కదా, గురి తప్పి చెవి మీద పడింది.

“ఆ పొద్దు కర్ర పట్టేదానికి అంతసేపేందిరా నీకు?”

“నువ్వే గదన్నా ముట్టొద్దంటివి.”

తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. తప్పు సాన పట్టిన ఉలిని చూసినట్టు చూసుకున్నాడు. సామాన్ల పెట్టె మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం వరకు మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఏం చేస్తుందో తెలిసీ.

పుండు మానాక వచ్చి, లేతుకు ఎదురుగా ముక్కాలిపీట వేసుకున్నాడు. నన్ను తనకు ముందు, లేతు దగ్గర నిలబెట్టాడు. ముప్పై ఏళ్ళు దాటాక నేను పని నేర్చుకున్నాను. తప్పు కోస్తే వెనక నుంచి తన్ను. సరిగా కోస్తే ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కోసం ఏడాది కష్టపడ్డాను. ఇరుసు మీద నా రెండు వేళ్ళు పెట్టించి, “ఏం చెప్తాండాది?” అని అడిగేవాడు. మొదట్లో అది ఏమీ చెప్పేది కాదు. చాలా నెలలకు ఒకరోజు, వెంట్రుకవాసి ఎక్కువుందన్నాను. తన మిగిలిన మూడు వేళ్ళతో ముట్టుకొని చూశాడు. తన్నలేదు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. ఖద్దరు చొక్కాతోనే చిలమత్తూరు సంతకు పోయి పొట్టేలును కొని, తాడు పట్టుకొని నడిపించుకొచ్చాను. మేస్త్రీ దాన్ని పైనుంచి కిందికి చూశాడు.

“ఇదెందుకబ్బా?”

“ఇంజనుకన్నా. నువ్వే గదా అంటివి, మనం పెట్టకపోతే...”

“సాకప్పా, సాకు” అన్నాడు. కోపం దిగినప్పుడు మేస్త్రీకి కన్నడం వస్తుంది. “దానికి చాలు. నా రెండు వేళ్ళు తినింది గదా. ఇంగెన్నేండ్లకైనా అరగదు.”

పొట్టేలు షెడ్డు గుంజకు కట్టేసి ఉండి, రాత్రికి రాత్రి వాకిలి తోరణం మొత్తం తినేసింది.

మరునాడు పొద్దున జనం ఎప్పటిలాగే పూల కోసం వచ్చారు. మేస్త్రీ నేల మీద బొగ్గుతో గీత గీసి, అందరినీ దాని అవతలికి నెట్టాడు. లేతు మీది దండను నా చేత విప్పించాడు. ఒక్కొక్క దారపు పోగూ తీయించాడు. తర్వాత తనే వంగి, చక్కు చుట్టూ, ముక్కను కరిచి పట్టే దాని పళ్ళ సందుల్లో మూడు వేళ్ళతో తడిమి చూశాడు. లేచి, గోడకు ఆనించిన కర్రను తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

“ఏం చూస్తాండావు? ఎయ్ బెల్టు.”