ఏడు గంటల పేర్లు

ఆవిడని అందరూ కాజాలక్క అనేవారు. సైనికుల చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టడం ఆవిడ పని. ఒక్క కాజా వంకర పోయినా మేస్త్రీ చొక్కా మొత్తం వెనక్కి కొట్టేవాడు. ఆవిడ కుట్టినవి మాత్రం చూడకుండానే మంచివాటిలో పెట్టేసేవాడు. మాట కూడా అంతే, కొలిచి కత్తిరించినట్టుండేది. రాజకీయాల జోలికి పోయేది కాదు. ఇంటికి పేపరొస్తే గుండీలు పొట్లాలు కట్టడానికే పనికొచ్చేది.

తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్ళు. ఆవిడే పెంచింది. పెళ్ళయ్యాక వాణ్ణి వెంటబెట్టుకునే కాపురానికొచ్చింది. భర్త పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు. "ఒక్కరి కోసం వెళ్ళి ఇద్దర్ని తెచ్చుకున్నాను" అని నవ్వేవాడాయన.

యుద్ధం రెండో ఏడు తమ్ముడు సరిహద్దుకి వెళ్ళాడు. ఐదు నెలలకి ఒక కాగితం వచ్చింది. 'ఆచూకీ తెలియలేదు' అన్న ముక్క తప్ప అందులో ఇంకేం లేదు. ఆవిడ సైనిక కార్యాలయం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. నాలుగో సారి గుమాస్తా తలెత్తకుండానే, "తెలిస్తే మేమే రాస్తామమ్మా" అన్నాడు.

శత్రువుల రేడియోలో రోజూ సాయంత్రం ఏడింటికి ఖైదీల పేర్లు చదువుతున్నారని కార్ఖానాలో ఎవరో చెవిలో వేశారు. చదివేది మన భాషలోనే. ఆవిడ ఆ రోజే స్టేషను వెతికి పట్టుకుంది. ఆడగొంతు, నెమ్మదైన గొంతు, పక్కింటావిడ పలకరించినట్టుండేది. ముందు పాట. తర్వాత కాసేపు కబుర్లు, ఇక్కడి బజారులో కిరసనాయిలు ఎందుకు దొరకటం లేదో, గాయపడ్డవాళ్ళని ఎలాంటి రైలుబళ్ళలో తెస్తున్నారో. ఆ తర్వాత పేర్లు. మళ్ళీ కబుర్లు. పేర్లు మధ్యలో ఎక్కడొస్తాయో తెలీదు గనక ముందూ వెనకా అంతా వినాల్సిందే.

"పేర్లయ్యాక కట్టెయ్యొచ్చుగా" అన్నాడు భర్త ఒకరోజు.

"ఇంకోటి మిగిలుంటేనో?"

పంతొమ్మిదో సాయంత్రం తమ్ముడి పేరు, నంబరు వినిపించాయి. వెనకాలే వాడు చెప్పి పంపిన మాట. "అక్కా, బాగానే ఉన్నాను. మోచేతి దగ్గర చిరిగిన స్వెటరు పారెయ్యకు, వచ్చాక వేసుకుంటాను." ఆ స్వెటరు సంగతి ఆ ఇంట్లో ముగ్గురికి తప్ప నరమానవుడికి తెలీదు. భర్త వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చాడు.

ఆ రోజు నుంచీ ఆవిడ విన్న ప్రతి పేరూ, దాంతోబాటు చదివే చిరునామా రాసుకుని, ఆ ఇళ్ళకి కార్డులు వెయ్యడం మొదలుపెట్టింది. 'మీ అబ్బాయి పేరు విన్నాను. క్షేమం.' రెండే ముక్కలు. జవాబులొచ్చాయి. కొందరు వెతుక్కుంటూ వచ్చి చేతులు పట్టుకున్నారు. తరవాత ఏడింటికి వాళ్ళే వచ్చి కూర్చోసాగారు. నెల తిరిగేసరికి ఆ గదిలో పదకొండు మంది ఆడవాళ్ళు. నాలుగు వీధుల అవతల బ్రెడ్డు దుకాణం నడిపే ఆవిడ అందరికన్నా ముందొచ్చేది. ఆవిడకి ఒక్కడే కొడుకు. వాడి పేరు మూడుసార్లు చదివారు.

పేర్ల కోసం వచ్చినవాళ్ళు కబుర్లూ విన్నారు. కిరసనాయిలు మాట నిజమే. బళ్ళ మాటా నిజమే, అందరూ కళ్ళారా చూసిందే. ఇన్ని నిజాలు చెప్పిన మనిషి, మేం శాంతికి సిద్ధమే, మీ పెద్దలే ఒప్పుకోవటం లేదు అంటే, అది మాత్రం అబద్ధమెలా అవుతుంది? కాజాలక్కకి అలాగే తోచింది. ఒకరోజు కార్ఖానాలో ఆ మాటే అనేసింది.

"ఎవరన్నారు?" అన్నాడు మేస్త్రీ.

"ఆవిడ."

ఏ ఆవిడో అడగాల్సిన అవసరం అక్కడెవరికీ రాలేదు. చలికాలం వచ్చేసరికి యుద్ధం ఆపమని రాసిన అర్జీ మీద రెండొందల సంతకాలు పడ్డాయి. మొదటిది కాజాలక్కది. అర్జీలోని మాటలు సగం రేడియో మాటలే. రాసినవాళ్ళకి మాత్రం అవి తమ సొంత మాటల్లాగే అనిపించాయి.

ఒక అధికారి ఇంటికొచ్చాడు. మర్యాదస్థుడే. "ఆ రేడియో ఎందుకు నడుపుతున్నారో మీకు తెలీదా అమ్మా?" అన్నాడు.

"మా తమ్ముడు బతికున్నాడని మీరు చెప్పి ఉంటే, నేను ఆ స్టేషను పెట్టేదాన్నే కాదు."

"మాకు తెలీదు."

"వాళ్ళకి తెలిసిందిగా."

మర్నాడు ఆవిడని చొక్కాల పని నుంచి తీసి దుప్పట్ల అంచులు కుట్టే గదిలో వేశారు. భర్తని పోస్టాఫీసులో ఉత్తరాల దగ్గర్నుంచి గోనెసంచుల దగ్గరికి మార్చారు. ఆయన సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండటం మానేశాడు.

మరుసటేడు యుద్ధం ఆగింది. తమ్ముడు తిరిగొచ్చాడు, చిక్కి సగమై. వారం రోజులు తిని పడుకున్నాడు. తర్వాత ఆవిడ తాను రాసుకున్న పేర్లు చూపించి, వీళ్ళంతా ఎప్పుడొస్తారని అడిగింది. వాడు వేలు పెట్టుకుంటూ చదివి, బ్రెడ్డు దుకాణం ఆవిడ కొడుకు పేరు దగ్గర ఆగాడు.

"వీడు మేం పట్టుబడ్డ మొదటి నెల్లోనే పోయాడక్కా. గొయ్యి తవ్విన నలుగురిలో నేనొకణ్ణి."

"వాళ్ళమ్మకి కబురు పంపాడే. దుకాణం తలుపు బాగుచేయించమని."

"పోయినవాళ్ళ జేబుల్లో ఇంటి ఉత్తరాలుండేవి. వాటిలోంచి మాటలు తీసి కబుర్లు అల్లేవాళ్ళు. నా రాత బాగుంటుందని జాబితాలు నాచేతే రాయించారు."

"మరి నీ స్వెటరు మాట?"

"అది నేనే చెప్పాను."

అలాంటి పేర్లు నాలుగు తేలాయి. మూడో రోజు కాజాలక్క బ్రెడ్డు దుకాణానికి వెళ్ళింది. జనం పల్చబడేదాకా ఆగి, తమ్ముడు చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పింది.

దుకాణం ఆవిడ ట్రేలు తుడుస్తూనే వింది. "మీ తమ్ముణ్ణి ఇక్కడి అధికారులు బెదిరించి ఉంటారు" అంది చివరికి. "లేకపోతే ఇలా ఎందుకంటాడు?"

"వాడే పాతిపెట్టాడు వదినా."

"రేడియోలో ఆవిడ అబద్ధం చెప్పదు. నువ్వేగా నాకు చెప్పింది."

"చెప్పాను. తప్పు చెప్పాను" అంది కాజాలక్క. అప్పటికే దుకాణం ఆవిడ లోపలికెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఖైదీలని ఇంకా దాచిపెట్టారని ఆ తల్లి కార్యాలయాలకి అర్జీలు పెడుతూనే ఉంది.

మిగిలిన మూడిళ్ళకి తమ్ముడు తనూ వస్తానన్నాడు. ఒకచోట తలుపు తియ్యలేదు. ఒకచోట కాజాలక్క రాసిన కార్డే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి పంపేశారు. మూడో ఇంట్లో ఒక్క తండ్రే ఉన్నాడు. అంతా విని, తమ్ముడికి కుర్చీ చూపించి, గొయ్యి ఎంత లోతు తవ్వారని అడిగాడు. తమ్ముడు తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించాడు. "చాల్లే, ఆ లోతు చాలు, నక్కలు తవ్వలేవు" అన్నాడు పెద్దాయన, కాజాలక్కని కూడా కూర్చోమన్నాడు.