ఎవరి ఫోల్డరు వాళ్లకే

అమలాపురంలోని ఒక డయాగ్నస్టిక్ ల్యాబులో కంప్యూటర్లు చూసుకునే పని నాది. రాజోలు, కొత్తపేట సెంటర్ల వాళ్లు రిపోర్టులను మా లినక్స్ సర్వర్‌కు పంపుతారు. లాగిన్ అయినవాళ్లకు అందరి ఫోల్డర్లూ కనిపించేలా నాకు ముందు పనిచేసినవాళ్లెవరో పెట్టారు. మార్చాలంటే ఒక పూట సర్వర్ ఆపాలి. అడిగినప్పుడల్లా ఓనరుగారు "తర్వాత చూద్దామండి" అనేవారు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం రాజోలు సెంటర్ నుంచి రత్నకుమారిగారు ఫోన్ చేశారు.

"పొరపాటున కొత్తపేట ఫోల్డరు తెరిచేనండి. అందులో మా పిన్నిగారి రిపోర్టుందండి. కేన్సరని ఉందండి. ఆవిడకింకా డాక్టరుగారు చెప్పలేదండి. నేనేం చెయ్యాలండి?"

ముందు ఆ ఫోల్డరు మూసెయ్యమన్నాను. ఇక ఎవరినీ అడగకుండా సర్వర్ ఆపి, ఏ సెంటర్ వాళ్లూ తమ ఫోల్డరు దాటి పోకుండా ఒక్కొక్క లాగిన్‌నీ కట్టడి చేశాను. సాయంత్రానికి ఒళ్లు హూనమైంది. రత్నకుమారిగారికి ఫోన్ చేసి, ఇప్పుడేం కనిపిస్తోందని అడిగాను.

"ఆయ్, మాదొక్కటేనండి," అన్నారు. "ఇందాక పిన్నిగారు ఫోన్ చేసేరండి. ఆదివారం భోజనానికి రమ్మన్నారండి."

సర్వర్ ఆపినందుకు ఓనరుగారు ఏమీ అనలేదు. ఫోల్డర్లను కట్టడి చేయగలిగాను గానీ, రత్నకుమారిగారు చూసింది చూడనట్టు చేయలేకపోయాను. ఆ ఆదివారం పిన్నిగారి ఎదుట ఆవిడ ముద్ద ఎలా మింగారో అడిగే ధైర్యం నాకిప్పటికీ లేదు.

— ఒక పాఠకురాలు, అమలాపురం