చాటకు మొక్కినవాడు

ఇచ్చోడ దాటి మట్టిబాట పడితే వచ్చే ఊళ్లో హనుమండ్లుకు పిచ్చోడని పేరు రావలసింది. పత్తిచేను బాగా పండిస్తాడు కాబట్టి రాలేదు. బండి గుంతలో పడితే దిగి, చక్రాన్ని నిమిరి, "నొచ్చిందా బిడ్డా?" అని అడిగేవాడు. నాగలి రాయికి తగిలితే నాగలినీ అడిగేవాడు, రాయినీ అడిగేవాడు. చాటకో చీపురుకో కాలు తగిలితే తాకి కళ్లకద్దుకోవడం ఆ పక్క అందరికీ ఉన్నదే. అందరూ నడుస్తూ నడుస్తూ ఆ పని కానిచ్చేస్తారు. ఇతను మాత్రం ఆగి, నిజంగా బాధపడేవాడు.

డెబ్బై ఎనిమిదిలో, వానాకాలం, బడిలో సైన్సు చెప్పే లక్ష్మణ్‌రావు సారు చాయ్ హోటల్లో అతన్ని పట్టుకున్నాడు.

"రాయికి తెలివెక్కడిది హనుమండ్లూ?"

"మన పెయ్యి, ఈ తోలు, ఈ బొక్కలు, దేంతోని అయ్యింది సారూ?"

"మట్టిల ఉన్నవాటితోనే."

"మరి మట్టికి అసలే తెలివి లేకుంటే మనకెక్కడికెళ్లి వచ్చింది? జరంతన్న దాంట్లనే ఉండాలె గదా."

సారు ఊరుకోలేదు. "ఒక్క ఇటుకను జూస్తే ఇల్లు కనవడ్తదా? ఒకదానిమీదొకటి పేరుస్తేనే ఇల్లయితది. తెలివి గూడ గంతే."

జవాబు తోచనప్పుడు మనిషికి నోరు ఇంకా పెద్దదవుతుంది కదా! "ఇటుకను ఎన్నడన్న అడిగి జూసినవా సారూ?" అన్నాడు. హోటలంతా గొల్లుమంది. సారు కూడా నవ్వాడు. గెలిచాననుకుని హనుమండ్లు ఛాతీ విరుచుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో భార్య శంకరవ్వ జ్వరంతో గొంగడి కప్పుకుని నేలమీద పడుకుంది. దండెం మీది తువ్వాల కోసం విసురుగా పోతుంటే అతని కాలు ఆమె మోకాలికి గట్టిగా తగిలి, పక్కనున్న చాటను కూడా తన్నింది. చటుక్కున వంగి చాటను తాకి కళ్లకద్దుకున్నాడు.

"నొచ్చిందా తల్లీ?" అన్నాడు చాటతో.

గొంగడిలోంచి మాట వచ్చింది. "మొదలు నాకు తాకింది."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఎదురు కసురుకుని బయటపడేవాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. పుట్టగానే చనిపోయిన తమ పసిగుడ్డును చేనుచెలకలో పూడ్చి వచ్చిననాడు కూడా పారను కడిగి, దానికి మొక్కి గోడకు ఆనించాడు. ఆనాడు ఈమె ముఖం ఎలా ఉందో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. చూస్తే కదా గుర్తుండడానికి! రాళ్లకు మనసు ఉందని ఊరంతా వాదించే మొనగాడికి ఇంట్లో మనిషి కనబడలేదు.

అప్పుడే పక్కింటి కొమురవ్వ గంజి గిన్నెతో గడపలోకి వచ్చింది. ఆమె చూస్తుండగానే హనుమండ్లు కింద కూర్చుని భార్య మోకాలివైపు చెయ్యి చాచాడు. మొగుడు పెళ్లానికి మొక్కడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. రేపటికల్లా ఊరంతా పాకుతుందని తెలుసు. అయినా చాచాడు.

శంకరవ్వ కాలు ముడుచుకుంది.

"మొక్కకు. చాటను అడిగినట్టు అడుగు."

అతను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నొచ్చిందా?"

శంకరవ్వ గొంగడి తీసి మొగుణ్ని నిదానంగా చూసింది.

"ఏనాటిది అడుగుతున్నవ్?" అంది.