అక్క మూయని పేజీ

అక్క మొదటి మాసికానికి కోయిలకుంట్ల వెళ్లి, ఒకప్పుడు ఆమె నెట్ సెంటరు నడిపిన ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే, చాలాసేపటిగా చూడని పేజీని మెమరీ మిగల్చడానికి నిద్రపుచ్చానని బ్రౌజరు చెప్పింది. ఇప్పుడది తనంతట తాను చేసుకునే పని. మా రోజుల్లో ఏ పేజీ ఎంత మెమరీ తింటోందో కూర్చుని మేమే కొలిచేవాళ్లం.

నేనప్పుడు హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో వెబ్ పేజీల పనితీరు పరీక్షించేవాణ్ని. రైతుల దరఖాస్తులు పంపడానికి మేము తయారుచేసిన పేజీనే అక్క కూడా వాడేది. మధ్యాహ్నానికల్లా అది బిగుసుకుపోయేది. దరఖాస్తులు ఇలాగే మిగిలిపోతే ఆ పని వేరే సెంటరుకు ఇచ్చేస్తామని పైవాళ్లు ఆమెను హెచ్చరించారు. బావ పోయాక ఆ గదే ఆమెకు ఆధారం. మా మేనేజరు మాత్రం పేజీలో లోపం లేదు, ఆమె కంప్యూటరే పాతదన్నాడు. నాకు నమ్మకం కుదరక సెలవు పెట్టి వెళ్లి, అక్క వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను.

అనుకున్నట్టే పేజీ ఆగింది. వరసలో ఉన్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం తల్లీ, ఇది నీ తమ్ముడు చేసిండేదేనా? అట్లయితే ఆయప్పనే దాంట్లోకి దూరి నడపమను."

అందరూ నవ్వారు, అక్కతో సహా. అప్పటికే నేను ఒకటి గమనించాను. ఒకరి పని అయ్యాక ఆమె పేజీ మూయకుండా, అందులోనే తరువాతి వారి దరఖాస్తు మొదలుపెడుతోంది. ఎందుకు మూయవని అడిగాను.

"యాడ మూసేదిరా? మళ్లా తెరిసే లోపల నెట్టు పోతాది, కరెంటు పోతాది, ఆమీట ఈళ్లూ పోతారు."

ఆఫీసులో మేము ప్రతి పరీక్షకూ బ్రౌజరును కొత్తగా తెరిచేవాళ్లం, కాబట్టి మెమరీ ప్రతిసారీ మొదటికి వచ్చేది. ఇక్కడ ఒక్కొక్క దరఖాస్తు పంపాక, అక్కర్లేనిదంతా బ్రౌజరు చేత తీసేయించి, అప్పటికీ ఎంత మెమరీ వాడుకలో ఉందో కొలిచాను. తగ్గాల్సింది తగ్గలేదు. వెళ్లిపోయిన రైతు దరఖాస్తులో పెట్టిన ఫొటో తెర మీద లేకపోయినా మెమరీలో అలాగే ఉండిపోతోంది, దాని మీద ఇంకొకరిది, ఆ పైన మరొకరిది.

హైదరాబాదు తిరిగి వచ్చి ఈ సంగతి చెబితే, రోజంతా ఒకే పేజీ ఎవరు తెరిచి ఉంచుతారని మేనేజరు కొట్టిపారేశాడు. మా అక్క ఉంచుతుందన్నాను. మర్నాడు పొద్దున ఆయన ఎదుటి బల్ల మీదే పేజీ తెరిచి, మూయకుండా అక్క పంపినట్టే ఒక్కొక్క దరఖాస్తు పంపుతూ పోయాను. భోజనం నుంచి ఆయన తిరిగి వచ్చేసరికి అది బిగుసుకుపోయి ఉంది. ఆయన దాన్ని సరిచేయడానికి మనుషుల్ని పెట్టాడు.

సరిచేసిన పేజీ చేరిన రోజు సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఈ పొద్దు అది యాడా నిలబడలేదురా. ఇంట్లోకి పోయేటప్పుడు నేనే మూసినా."

సెంటరు ఆమె దగ్గరే ఉండిపోయింది, చాలా ఏళ్లు. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల చేతిలోనే ఉంది, ఆ గదిలో వరస లేదు, వరసలో నిలబడి నవ్వేవాళ్లూ లేరు. నేను మాత్రం ఏ పరీక్ష పెట్టినా నేటికీ రోజంతా ఒకే పేజీ మీద ఉంటాను. మాసికం నాడు కూడా, నిద్రపోయిన ఆ పేజీని మళ్లీ లేపి, సాయంత్రం ఇంట్లోకి పోయేటప్పుడు నేనే మూశాను.