తోటలో ఇరవయ్యో బతుకమ్మ

రండి, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. మధ్యలో నా గొంతు ఆగితే జర ఓపిక పట్టండి, మళ్ళీ నేనే అందుకుంటాను.

ముందే చెప్తున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. మా అత్త ప్రాణం పోయిన గదిలోనే మూడో రోజు నుంచి చాప వేసుకొని పడుకున్నదాన్ని. గల్లీలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండి అని దవాఖానాకు పంపినదాన్ని. నా చదువు నాలుగో తరగతితో ఆగింది కానీ, కంటితో చూసింది నాకు మరుపు రాదు. చూసింది చూసినట్టే చెప్తాను. ఒక్క పువ్వు ఎక్కువ పెట్టను.

మాది మెదక్. ఊరి చివర హవేలిఘనపూర్ పోయే దిక్కున పాత మామిడి తోట ఒకటుంది. ఇప్పటికీ మేము దాన్ని బాగ్ అనే అంటాం. నిజాం కాలంలో ఒక జాగీర్దారు నాటించిన తోట అది. మా అత్త చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట వెట్టికి వచ్చి, కడవలతో ఆ మొక్కలకు నీళ్ళు పోసిందట. ఆ చెట్లు తన కంటే ఏడేండ్లు చిన్నవని చెప్పేది.

ఇప్పుడది పార్కు. గేటు దగ్గర తోట చరిత్ర రాసిన బోర్డు పెట్టారు. అందులో జాగీర్దారు సంగతి ఉంది, నీళ్ళు పోసినవాళ్ళ సంగతి లేదు. నడిచేవాళ్ళకు బాట వేశారు, సిమెంటు బెంచీలు వేశారు, పిల్లలకు ఉయ్యాలలు కట్టారు. చెట్లు మాత్రం అవే. నడుమ రాతి మెట్ల దిగుడు బావి కూడా అదే.

ఏడాది పొడవునా అక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఎండాకాలంలో కాయలు దింపే రోజు ఊరంతా అక్కడే, ఊరగాయ ముక్కలు కూడా చెట్ల కిందనే కొట్టించుకుంటారు. రంజాన్ అయిన తర్వాత వచ్చే ఆదివారం ముస్లింల ఇళ్ళవాళ్ళు టిఫిన్లు కట్టుకొని వస్తారు. కార్తీకంలో వనభోజనాలు. అన్నిటికంటే పెద్దది మాత్రం సద్దుల బతుకమ్మ. చుట్టుపక్కల గల్లీల ఆడవాళ్ళంతా నెత్తిన బతుకమ్మలు పెట్టుకొని వస్తారు. చీకటి పడకముందే ఆ బావిలో నిమజ్జనం చేసి, సద్దులు పంచుకొని తిని పోతాం.

నాకు ఒక్కతే బిడ్డ, రేణుక. ఇరవై నాలుగేండ్లది. బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణంలో పనిచేసేది. దానిది ఎడమ చేతి వాటం. బడిలో సార్లు కొట్టారు, నేనూ కొట్టాను, ఆ చెయ్యి మారలేదు. అన్నం మాత్రం కుడి చేత్తో తినడం నేర్చుకుంది. మిగతా పనులన్నీ ఎడమ చేత్తోనే.

బతుకమ్మ పేర్చేవాళ్ళకు తెలుసు. తంగేడు పూలు చిన్న చిన్న కట్టలు కట్టి, ఒక కట్ట మీద ఇంకో కట్ట ఒరిగేటట్టు వరుస తిప్పుతాం. మేమంతా ఒక దిక్కుకు తిప్పితే నా బిడ్డ వరుస దానికి ఎదురు తిరిగేది. దాని చెయ్యి అట్లనే పోయేది మరి. దారం ముడి కూడా రెండో పక్కకు పడేది. దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు. దగ్గర కూర్చుంటే తెలుస్తుంది, జడ తిరగేసి అల్లినట్టు ఉంటుంది.

పోయినేడు సద్దుల నాడు ఒక సంబంధం వాళ్ళు పిల్లను చూడడానికి తోటకే వస్తామన్నారు. పిల్లవాడి మేనత్త రామాయంపేట నుంచి వచ్చింది. రేణుక పేర్చిన బతుకమ్మను చూసి ఆమె, "ఇదేందమ్మా, ఎదురు తిరిగింది? ఎడమ చేతితో జేసిన గౌరమ్మ ఇంటికి అచ్చొస్తదా?" అన్నది.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ చూస్తుండగా ఆ చెట్టు కిందనే కూర్చొని బిడ్డ పేర్చిన వరుసలన్నీ ఊడదీశాను. పొద్దుట నాలుగింటికి లేచి పేర్చుకున్నది అది. మళ్ళీ మొదటి నుంచి, మా దిక్కుకు తిప్పి నేను పేర్చాను.

రేణుక కోప్పడలేదు. నా పక్కన కూర్చొని రాలిన పూలు ఏరి నా చేతికి అందించింది. అందిస్తూ మెల్లగా అన్నది, "అమ్మా, నాది నాకు ఒక్కసారన్న ఉంచరాదే."

ఆ రోజు అది ఆడలేదు. బావి గట్టు మీద కూర్చొని మా ఆట చూసింది.

ఆ సంబంధం కుదరలేదు. మాఘ మాసంలో పిల్లకు కామెర్లు వచ్చాయి. పదకొండు రోజులు. దవాఖానా మంచం పక్కన పదకొండు రోజులూ నేనే ఉన్నాను. పండు ఒలిచి పెట్టాను, తల దువ్వాను, ఇంటికి పోదాం అన్నాను. కానీ తోటలో నేను చేసింది తప్పు బిడ్డా అన్న ఒక్క మాట అనలేదు. అనాలని తోచలేదు. తోచినప్పటికి వినే మనిషి లేదు.

చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా బతుకమ్మ ఎత్తరు. అందుకని మొన్నటి సద్దులకు నేను తలుపు దగ్గరికి వేసుకొని ఇంట్లోనే ఉన్నాను. మా పక్కింటి బాలమణి వచ్చింది. గల్లీలో ఏ పండుగకైనా పెత్తనం ఆమెదే. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏందక్కా, గోడలకు కథలు జెప్తున్నవా? నడువు తోటకు" అన్నది.

"నేనెట్ల వస్తనే, ఏడాది ఎల్లలేదు."

"ఎత్తొద్దన్నరు గాని సూడొద్దన్నరా? కండ్లకు మైలుంటదా ఏంది? బెంచి మీద కూసో. నీకు సద్దులు నేనే తెచ్చిస్త."

రెక్క పట్టుకొని తీసుకపోయింది. పోయేసరికి నాలుగు దాటింది, ఆడవాళ్ళు ఇంకా ఎవరూ రాలేదు. మంచి వెలుతురు ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి, చీకట్లో చూసింది కాదు.

ఈ ఏడు అందంగా పేర్చిన బతుకమ్మకు బహుమతి పెట్టారు. అందుకని గేటు దగ్గరే బాలమణి నోటుబుక్కు పట్టుకొని నిలబడి, లోపలికి వచ్చిన ఒక్కో బతుకమ్మకు ఆ ఇంటి పేరు రాసుకుంది. తోటకు ఆ ఒక్క గేటే ఉంది. పంతొమ్మిది పేర్లు రాసింది.

అన్నిటినీ నడుమ పెట్టారు. ఆట మొదలు పెట్టే ముందు బాలమణి ఒకసారి లెక్క చూసుకుంది. ఇరవై వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవయ్యే.

"నాకు లెక్కలు రావని మా ఆయన ఎప్పుడూ నవ్వుతడు. ఇయ్యాల ఆయన మాటే నిజమయ్యేటట్టుంది" అని నవ్వి, మైకు అందుకుంది. "పేరు రాయించుకోనిది ఎవలమ్మా? బహుమతి మీకే వస్తదేమో, సిగ్గు పడకుండ్రి!"

ఎవరూ రాకపోతే, ఎవరి బతుకమ్మ దగ్గర వాళ్ళు పోయి నిలబడండి అన్నది. పంతొమ్మిది మంది నిలబడ్డారు. నడుమ చిన్నది ఒకటి మిగిలింది. స్టీలు ప్లేటులో ఆముదం ఆకులు పరిచి పేర్చి ఉంది. జానెడు కంటే కొంచెం ఎత్తు ఉంటుంది, అంతే.

నేను బెంచి మీద నుంచి లేచి దగ్గరికి ఎందుకు పోయానో నాకు తెలియదు. పోయి, దాని ముందర గొంతుకూర్చున్నాను.

కింద తంగేడు, దాని మీద తెల్ల గునుగు, ఆ మీద బంతి, మళ్ళీ తంగేడు. ప్రతి వరుసా ఎదురు తిరిగింది. దారం ముళ్ళన్నీ రెండో పక్కకే ఉన్నాయి. పొద్దున కోసిన పూలు, ఒక్క రేకు కూడా వాడలేదు.

బాలమణి నా పక్కన కూర్చొని చూసింది. పోయినేడు నేను ఊడదీస్తుంటే వద్దక్కా అని నా చెయ్యి పట్టుకున్నది ఆమె ఒక్కతే. ఆమె నవ్వు మొహం మీదనే ఆగిపోయింది.

తోటమాలి యాకూబ్ భాయిని పిలిచింది. ఆయన అరవై దాటిన మనిషి. అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు.

"నేను నాలుగింటికి గేటు తీసినప్పుడే గిది ఈడున్నదమ్మా. పొద్దుగాల ఎవలో పెట్టి పోయిండ్రనుకున్న" అన్నాడు.

"పగటీలి నువ్వు ఊడ్వలేదా భాయ్?"

"ఊడ్చిన. నీళ్ళు గూడ చల్లిన. పన్నెండున్నరకు తాళమేసి నమాజుకు పోయిన."

"ఊడ్చినప్పుడు ఉండెనా మరి?"

ఆయన గడ్డం రుద్దుకుంటూ ఆ ప్లేటు వైపే చూశాడు. "లేకుండె" అన్నాడు.

గోడ దూకి ఎవరైనా పెట్టారేమో అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. దూకొచ్చు. గోడ మరీ ఎత్తేమీ కాదు. కానీ పూలు పేర్చిన ప్లేటు చేతిలో పెట్టుకొని, ఒక్క కట్ట కూడా జారకుండా ఎట్లా దూకుతారో నాకైతే తెలియదు. ఎవరో పైలోకం మనిషి చేసిందని నేను అనడం లేదు. నేను చూసింది చెప్తున్నాను. బాలమణి ఫోన్లో ఫోటో కూడా తీసింది. దయ్యం సంగతులు ఫోటోలో పడవంటారు. ఇది పడింది. ఎదురు తిరిగిన వరుసతో సహా ఇప్పటికీ ఆ ఫోన్లో ఉంది.

ఆట అయిపోయింది. పొద్దు చెట్ల కిందికి దిగింది. ఎవరి బతుకమ్మను వాళ్ళు నెత్తిన పెట్టుకొని బావి వైపు నడిచారు. ఆ చిన్నది ఒక్కటే ఖాళీ జాగాలో మిగిలిపోయింది. ఎవరిదో తెలియని గౌరమ్మను ముట్టుకోవడానికి ఆడవాళ్ళు భయపడ్డారు. ఎత్తడానికి నాకేమో మైల.

"నేను ఇంటికి తీసుకపోత" అన్నాను.

బాలమణి నా భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, పేర్చిన బతుకమ్మ నీళ్ళకే పోవాలె. ఇంటికి వొయ్యేది ఉండదు."

"ఒక్క రాత్రి ఉంచుకుంట. ఒక్క రాత్రే."

"తెల్లారేవరకు వాడిపోతదక్కా. వాడినంక సూడగల్గుతవా?"

నేను అక్కడనే కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. బాలమణి నా పక్కన మట్టిలోనే, పట్టు చీరతోనే కూర్చుంది. ఆఖరికి ఆమే అన్నది, "నువ్వే ఎత్తు. ఏమన్న పాపముంటే సగం నాకు రానీ."

ఎత్తబోతుంటే పై వరుసలో ఒక తంగేడు కట్ట కొంచెం పక్కకు ఒరిగి కనిపించింది. నా చెయ్యి దానంతట అదే పోయింది, సర్దడానికి. వేళ్ళు పువ్వుకు తాకేంత దగ్గర పోయి ఆగాయి.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎట్లా ఉన్నదాన్ని అట్లనే ఎత్తి నెత్తిన పెట్టుకున్నాను.

బావి మెట్లు ఇరవై ఏడు. మెట్టు మెట్టుకూ ఒక మాట అనుకుంటూ దిగాను. ఏమనుకున్నానో మీకు చెప్పను, అది నా బిడ్డకు చెప్పుకున్న మాట. నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగి మెల్లగా వదిలాను. కాసేపు అది విడిగా, నిటారుగా తేలింది. తర్వాత నీళ్ళు కదిలి మిగతా పంతొమ్మిదింటి వైపు పోయింది. పూలన్నీ కలిసిపోయాయి. కండ్లు తుడుచుకొని మళ్ళీ చూసేసరికి, అందులో నా బిడ్డది ఏదో నేను గుర్తు పట్టలేకపోయాను.

స్టీలు ప్లేటు నా చేతిలో మిగిలింది. దాని మీద పేరు లేదు. ఎవరైనా వచ్చి అడుగుతారని యాకూబ్ భాయి తన గదిలో గూట్లో పెట్టాడు. బాలమణి నెల రోజులు అన్ని గల్లీల్లోనూ అడిగింది, ఎడమ చేతి వాటం ఆడపిల్లలున్న ఇళ్ళు వెతికి మరీ అడిగింది. ఎవరూ మాది అనలేదు. కార్తీకంలో వనభోజనాలకు పోయినప్పుడు చూశాను. ప్లేటు అక్కడే ఉంది.

మా తమ్ముడు, ఎవరో పిల్ల సరదాకు పెట్టి ఉంటుంది అక్కా, అన్నాడు. కావచ్చు. బాలమణి ఇంకేదో అన్నది. అదీ కావచ్చు. నాకు మాత్రం ఈ రోజుకూ అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ రేణుక వచ్చిందా అని ఎవరైనా అడిగితే, లేదు అనడానికి నాకు నోరు రాదు.

ఇంతసేపు కదలకుండా విన్నారు. మీ గడప పసుపు కుంకుమలతో పచ్చగా ఉండాలి. మీ పొయ్యి చల్లారకూడదు. పొద్దుగూకేసరికి మీ బిడ్డలంతా చెప్పులు విడిచి మీ ఇంట్లోకే రావాలి.